ఓణీల వేడుక ఫొటోలు పెట్టే ముందు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

పాపకు ఓణీలు ఇచ్చే వేడుక వచ్చే నెలలో పెట్టుకున్నారని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసంతా మీ ఇంట్లోనే తిరుగుతోంది. మేనమామ తెచ్చే ఓణీ ఏ రంగు, పూలజడ ఎవరు వేస్తారు, హారతికి ఎంతమంది ముత్తైదువలను పిలవాలి, ఇవన్నీ తర్వాత తీరికగా మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం వేరే పని మీద రాస్తున్నాను. మొన్న ఫోనులో ఫొటోల సంగతి వచ్చినప్పుడు "స్టేటస్‌లో పెడితే ఎవరెవరు చూశారో పేర్లతో సహా తెలిసిపోతుంది కదా పెద్దమ్మా, ఇక భయమేముంది?" అన్నావు. ఆ పేర్లను నమ్మి నేను ఒక పిల్లకు ఎంత బాధ కలిగించానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం మా బావగారికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. రెండో రోజుకు కాస్త తేరుకున్నారు. చేతికి సెలైన్ సూది, మంచం పక్కన స్టూలు మీద బత్తాయి రసం గ్లాసు, ఆయన నీరసంగా నవ్వుతున్నారు. మీ పెద్దనాన్న ఫొటో తీశారు. 'త్వరగా కోలుకోవాలి' అని రాసి నేను దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. నలుగురూ మంచి కోరుకుంటారన్న ఆశ తప్ప నాకు మరో ఆలోచన లేదు. గంట తర్వాత మా తోడికోడలు వచ్చి, డల్లాస్‌లో ఉన్న కూతురికి ఇంకా ఏమీ చెప్పలేదని, రిపోర్టులు వచ్చాక నెమ్మదిగా చెబుదామని ఆగామని అంది. నా గుండె జారిపోయింది. వెంటనే ఫోను తీసి కంటి గుర్తు మీద నొక్కాను. 41 మంది చూశారు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. ఆ పిల్ల పేరు లేదు. గండం గడిచిందనుకుని స్టేటస్ తీసేశాను.

ఆ పిల్ల అప్పటికే చూసింది. అక్కడ అర్ధరాత్రి. తండ్రి ఫోను ఆపేసి ఉంది, తల్లి ఎత్తలేదు. మళ్ళీ ఆ ఫొటో చూద్దామని తెరిస్తే అక్కడ లేదు. నేను తీసేశానంటే దాచవలసినదేదో జరిగిందనే అనుకుందట. తెల్లవారే దాకా అలాగే కూర్చుంది. మరి జాబితాలో పేరు ఎందుకు లేదంటే, తను ఎప్పుడో నీలి టిక్కులు ఆపేసుకుంది. చదివినట్టు తెలిపే ఆ ఏర్పాటును ఆపుకున్నవాళ్ళు నీ స్టేటస్ చూసినా వాళ్ళ పేరు నీకు కనిపించదు. అలాగే వాళ్ళ స్టేటస్ ఎవరు చూశారో వాళ్ళకూ తెలియదు. ఇది వాట్సాప్ పెట్టిన నియమమే. అప్పట్లో నాకు ఆ సంగతి తెలియదు.

తల్లీ, ఆ జాబితా చూసినవాళ్ళందరి పేర్లూ చెప్పదు. ఎవరు చూడగలరో అసలే చెప్పదు. ఎవరు స్క్రీన్‌షాట్ తీసుకున్నారో, ఎవరు తమ ఫోనును పక్కవాళ్ళ చేతికిచ్చి చూపించారో దాని లెక్కలోకే రాదు. నువ్వు అడగవలసిన ప్రశ్న "ఎవరు చూశారు?" కాదు, "ఎవరు చూడగలరు?" అన్నది. దానికి జవాబు పెట్టకముందే నీ చేతిలో ఉంటుంది, పెట్టాక ఉండదు.

ఇక నీ సంగతికి వద్దాం. నువ్వు ఇంట్లో చీరలు అమ్ముతావు. కొత్తగా వచ్చిన ప్రతి కొనుగోలుదారుకూ "నా నంబరు సేవ్ చేసుకోండి, అప్పుడే స్టేటస్ కనిపిస్తుంది" అని నువ్వే చెబుతావు. వాళ్ళ నంబరు నువ్వూ సేవ్ చేసుకుంటావు. ఇద్దరి ఫోన్లలో ఇద్దరి నంబర్లూ ఉంటే స్టేటస్ కనిపిస్తుంది కాబట్టి వ్యాపారానికి అది సరైన పద్ధతే. కానీ అదే నంబరు మీద పాప పుట్టినరోజు ఫొటో పెట్టినప్పుడు, మీ అమ్మతో పాటు కొరియర్ అబ్బాయి, గ్యాసు బండి మనిషి, ఒకే ఒక్కసారి మంగళగిరి చీర కొని మళ్ళీ పలకని ఆవిడ, ఆవిడ భర్త, అందరూ చూస్తున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. పాప వాళ్ళకేమీ కాదు, అంతే.

వీలైతే వ్యాపారానికి వేరే సిమ్ తీసుకో. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, రెండో నంబరుతో అదే ఫోనులో పెట్టుకోవచ్చు. చీరలన్నీ అందులో, ఇంటి సంగతులన్నీ పాత నంబరులో. ఇన్నేళ్ళుగా అందరికీ ఇచ్చిన నంబరు మార్చడం కష్టమంటావా, అయితే రెండో దారి ఉంది. స్టేటస్ గోప్యతలో మూడు వరసలుంటాయి: కాంటాక్టులందరికీ, కొందరు తప్ప మిగతావాళ్ళకు, ఎంచుకున్నవాళ్ళకు మాత్రమే. చాలామంది రెండోది పెట్టుకుని నలుగురి పేర్లు తీసేసి నిశ్చింతగా ఉంటారు. నాకు అది నచ్చదు. నువ్వు ప్రతివారం కొత్త నంబర్లు సేవ్ చేస్తావు, ప్రతి కొత్త నంబరూ తనంతట తానే చూసేవాళ్ళలో చేరిపోతుంది. మూడోది పెట్టుకో. ఒక మధ్యాహ్నం కూర్చుని, మన ఇళ్ళలో భోజనానికి పిలవకుండానే రాగలిగినవాళ్ళు ఎవరో వాళ్ళ పేర్లు మాత్రం ఎంచుకో. ముప్ఫై నలభై పేర్లు వస్తాయి, చాలు. చీరల ఫొటోలు పెట్టేటప్పుడు వరస మార్చుకోవడం, మళ్ళీ వెనక్కి తెచ్చుకోవడం మరిచిపోవద్దు. పెట్టిన తర్వాత మార్చినా అప్పటికే పెట్టినదానికి ఆ మార్పు వర్తించదు.

ఇప్పుడు అసలు వేడుక. ఆహ్వానం వీడియో ఈపాటికి తయారవుతూ ఉంటుంది. అందులో పాప ముఖం, పేరు, మీ ఇంటి చిరునామా, అల్లుడుగారి ఫోను నంబరు, ఇంట్లో ఎవరూ ఉండని రోజూ గంటా అన్నీ ఒకేచోట ఉంటాయి. అది ఒక బృందం నుంచి ఇంకో బృందానికి వెళ్ళిపోతుంది. చిరునామా బదులు ఫంక్షన్ హాలు పేరు చాలు. పాప ఫొటో లేకుండా పసుపు కుంకుమలు, పూలతో చేయించినా అందంగానే ఉంటుంది.

అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు కోసం ప్రత్యక్ష ప్రసారం పెట్టిస్తున్నావట. మంచిదే, దూరాన ఉన్నవాళ్ళకు కళ్ళు చెమర్చే సంగతి అది. కానీ ఆ ప్రసారం ఎవరి యూట్యూబ్ ఛానల్‌లో వస్తుందో అడిగావా? సాధారణంగా వీడియో తీసేవాళ్ళ ఛానల్‌లోనే వస్తుంది. వాళ్ళకు అది ప్రచారం కూడా, అందుకని పబ్లిక్‌గా పెట్టేస్తారు. అంటే పాప తలంటు దగ్గర నుంచి, పేరంటాళ్ళు ఒడి నింపే దాకా, పేరు వెతికిన ఎవరికైనా కనిపిస్తుంది. కింద ఎంతమంది చూశారో అంకె వస్తుంది, ఎవరు చూశారో రాదు. వేడుక అయిపోయినా అది పోదు. 12 గంటల లోపు ప్రసారాన్ని యూట్యూబ్ తానే వీడియోగా దాచిపెడుతుంది. దాన్ని తీసేయాలన్నా మార్చాలన్నా ఆ ఛానల్ సొంతదారు చేతిలోనే ఉంటుంది, నీ చేతిలో ఉండదు.

అందుకని డబ్బు మాట్లాడుకునేటప్పుడే ఈ మాట కూడా అనుకో. ప్రసారం అన్‌లిస్టెడ్‌గా ఉండాలి. అప్పుడు వెతుకులాటలో కనిపించదు, లింకు ఉన్నవాళ్ళకే తెరుచుకుంటుంది. లింకు చేతులు మారితే మాత్రం చూసేవాళ్ళూ మారతారు, ఆ సంగతి గుర్తుపెట్టుకో. ఆడపడుచుతో, మరిదితో ఆ లింకు బృందాల్లో పెట్టవద్దని చెప్పు. ప్రైవేట్ అన్నది ఇంకా గట్టిది, ఈమెయిల్ ఇచ్చి పిలిచినవాళ్ళు తమ గూగుల్ ఖాతాతో లోపలికి వస్తేనే కనిపిస్తుంది. అయితే మీ అత్తగారి చెల్లెళ్ళు అవన్నీ చెయ్యలేక తొలి హారతి చూడకుండానే ఉండిపోతారు. కాబట్టి ఆ పూటకు అన్‌లిస్టెడ్ ఉంచి, రెండు రోజుల తర్వాత ప్రైవేట్ చేయించడం నాకు సరిగ్గా అనిపిస్తుంది. ఏ తేదీన మారుస్తారో కాగితం మీద రాయించుకో.

ఫొటోగ్రాఫర్‌తోనూ అంతే. నీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ప్రైవేట్ అయినంత మాత్రాన అతను తన పేజీలో పెట్టే ఫొటోకు ఆ తలుపు ఉండదు. పాప కాటుక కళ్ళు దగ్గరగా తీసిన ఫొటో తన పనితనం చూపించుకోవడానికి పెట్టుకుంటానంటాడు. అతని బతుకుతెరువు, తప్పుపట్టను. అలంకరణ, పందిరి, పూలజడ వెనక నుంచి తీసినవి పెట్టుకోమను, ముఖం వద్దని ముందే చెప్పు. అయిపోయాక చెబితే మొహమాటం, ముందు చెబితే ఒప్పందం. ఆల్బమ్‌ను లింకుగా పంపుతామంటే, అందరి చేతికీ చేరాక ఆ లింకును మూసేయమను. అలాంటి లింకు తెరవడానికి చాలాచోట్ల పేరు కూడా అడగరు.

ఫేస్‌బుక్ గురించి ఎక్కువ రాయను. అది నువ్వు కిందటిసారి ఎంచుకున్న ప్రేక్షకులనే గుర్తుపెట్టుకుంటుంది. నిన్న చీరల పోస్టు పబ్లిక్‌గా పెట్టి ఉంటే ఈరోజు పాప ఫొటో కూడా పబ్లిక్‌గానే వెళుతుంది. ప్రతిసారీ పేరు కింద ఉన్న చిన్న గుర్తును చూసుకోవాలి. 2018 మేలో ఒక లోపం వల్ల 1 కోటి 40 లక్షల మందికి ఆ గుర్తు దానంతట అదే పబ్లిక్‌కు మారిందని ఫేస్‌బుక్కే ప్రకటించింది, కాబట్టి పెట్టాక కూడా ఒకసారి చూసుకోవడం మంచిది. ఇంకొకటి, 'స్నేహితులకు మాత్రమే' అని పెట్టినా అందులో అల్లుడుగారిని ట్యాగ్ చేస్తే, నువ్వు ఆ వరస మార్చుకోకపోతే ఆయన స్నేహితులూ చూడగలరు. ఆయన ఆఫీసు వాళ్ళంతా ఉంటారు అందులో. మీ ప్రొఫైల్ ఎవరు చూశారో చెబుతామనే యాప్‌ల జోలికి మాత్రం పోకు. ఆ వివరం ఫేస్‌బుక్ ఎవరికీ ఇవ్వదు, అవి నీ ఖాతా కోసం వేసే గాలాలు.

చివరిగా నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఎవరైనా పాపను అడిగారా? పన్నెండేళ్ళ పిల్ల. ఈ వేడుక దేనికి చేస్తారో ఆమె తరగతి పిల్లలందరికీ తెలుసు, మగపిల్లలకూ తెలుసు. మన కాలంలో పేరంటానికి వచ్చిన ఇరవై మంది ఆడవాళ్ళు చూసి, అక్షింతలు వేసి, పేలాల ఉండ తిని ఇంటికి వెళ్ళేవారు. ఇప్పుడు మర్నాడు బడికి వెళ్ళేసరికి వెనక బెంచీలో ఎవరి ఫోనులోనో తన ఫొటో ఉండవచ్చు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. ఆ హక్కు నీకూ నాకూ ఉన్నట్టే పాపకూ ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని ఫొటోలు చూపించు. ఏది ఎవరికి పంపవచ్చో తననే చెప్పమను. వద్దన్నది నువ్వు ఎంత మోజుపడ్డా పెట్టకు. ఎవరైనా తన ఫొటోను వక్రంగా వాడితే దాచుకోకుండా వెంటనే నీకు చెప్పాలని కూడా చెప్పు. అలాంటిది జరిగితే స్క్రీన్‌షాట్లు భద్రం చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆడవాళ్ళకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు అందులో విడిగా చోటుంది.

బంధువుల ఫోన్లను నువ్వు ఆపలేవు. హాలు గుమ్మం దగ్గర పన్నీరు చల్లేచోట ఒక చిన్న పలక పెట్టించు: "ఫొటోలు తీసుకోండి, దయచేసి స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి". మీ మామయ్యకు కోపం వస్తుందేమోనని జంకకు, ఆయనతో నేను మాట్లాడాను, సరేనన్నారు.

నేను వేడుకకు నాలుగు రోజుల ముందే వస్తాను. అప్పటికి వీడియో అతనితో మాట్లాడి ఉంచు. ఆ ముప్ఫై నలభై పేర్ల జాబితా నీ ఒక్కదానివల్ల కాకపోతే సున్నుండలు చుట్టుకుంటూ ఇద్దరం కూర్చుని ఎంచుదాం. డల్లాస్ అమ్మాయి పేరు మొదట రాయి. ఈసారి తను సంతోషంగా చూడాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ