షుగర్ ఉంటే పన్ను ఇంప్లాంట్ నిలవదా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఆరు నెలల కిందట కింది దవడ పన్ను తీసేశారు. ఇంప్లాంట్ పెట్టించుకోమంటున్నారు. షుగర్ ఉంటే అది నిలవదని, నరానికి తగిలి మూతి వంకర పోతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. బ్రిడ్జి మేలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మూతి వంకర పోతుందన్న భయం వదిలేయండి. ముఖాన్ని కదిలించే నరం వేరు. కింది దవడ ఎముకలో ఉండేది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం. దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారుతుంది. అందుకే ముందుగా సీబీసీటీ స్కాన్ (దవడను 3డీలో చూపే ఎక్స్‌రే) తీసి, ఎముకలోకి దించే ఇంప్లాంట్ స్క్రూ కొసకూ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు ఉండేలా సైజు ఎంచుకుంటారు. మర్నాటికీ పెదవి తిమ్మిరి వదలకపోతే ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి.

ఇక షుగర్. అది ఉండటం కాదు, అదుపు తప్పడమే ఇబ్బంది. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 7 దగ్గరుంటే ధైర్యంగా పెట్టించుకోవచ్చు. 8 దాటితే ముందు తగ్గించుకుని రమ్మంటాం. ఎందుకంటే టైటానియం స్క్రూ బిగించడంతో పని అయిపోదు, దాని గరుకు పైభాగాన్ని పట్టుకుని ఎముక కట్టాలి. కింది దవడలో దానికి సుమారు 3 నెలలు పడుతుంది. షుగర్ ఎక్కువుంటే ఎముక కట్టడం ఆలస్యమవుతుంది, చీము పట్టే ముప్పూ ఉంటుంది. సిగరెట్, చుట్ట కూడా అంతే చేటు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సొంతంగా ఆపకండి. ఎముకలు గుల్లబారాయని జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లయితే ఆ సంగతి తప్పక చెప్పాలి.

బ్రిడ్జి అంటే పక్క పళ్ల మీద ఆనించి పెట్టే కట్టుడు పన్ను. దాని కోసం పక్కనున్న రెండు పళ్లనూ అరగదీయాలి. అవి పుచ్చు లేకుండా గట్టిగా ఉంటే అరగదీయడానికి నాకైతే మనసొప్పదు. ఇప్పటికే రూట్ కెనాల్ చేయించి, తొడుగులు వేయాల్సిన పళ్లయితే బ్రిడ్జే సరి.

ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు. దాంతో ‘ఇక జీవితాంతం ఢోకా లేదు’ అనుకుంటారు. ఎక్కువ నష్టం ఆ నమ్మకంతోనే. పాచి పేరుకుంటే చుట్టూ చిగురు వాస్తుంది, తోమితే రక్తం వస్తుంది, నొప్పి తెలియకుండానే లోపల ఎముక తరిగిపోతుంది. రోజూ రాత్రి పళ్ల సందుల్లో దూరే సన్నటి బ్రష్‌తో, ఇంప్లాంట్ మీద పెట్టిన పన్ను (తొడుగు) అంచు వెంబడి తోమండి. ఆరు నెలలకోసారి చూపించుకోండి.

ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అడిగి మీ ఫైల్లో అంటించుకోండి. ఎప్పుడైనా తొడుగు కదిలితే చాలాసార్లు దాన్ని ఇంప్లాంట్‌కు పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులవడమే కారణం. ఆ స్టిక్కర్ ఉంటే ఏ ఊళ్లోని డాక్టరైనా దానికి సరిపోయే స్క్రూడ్రైవర్‌తో బిగించగలరు. అప్పటిదాకా ఆ వైపు నమలకండి.