ఇచ్ఛాపురం కూడా ఫారినే: బయటివాటికి ఇంగ్లీషు పెట్టిన పేర్లు

బరంపురం నుంచి ఈ ఆగస్టులో ఎఫ్-1 వీసా మీద అమెరికాకు చదువుకు వచ్చిన మా పెద్దనాన్నగారి మనవడు మొన్న ఫోన్ చేసి, "చిన్నాన్నా, బ్యాంకువాళ్ళ కాగితంలో నన్ను ఫారిన్ అన్నారు, పన్నుల కాగితంలో ఏలియన్ అన్నారు, యూనివర్సిటీలో ఎదురుపడితే ఇంటర్నేషనల్ స్టూడెంట్ అంటున్నారు. ఇంతకీ నేనెవరిని?" అని అడిగాడు. వాడు నవ్వుతూనే అడిగాడు గాని, ఈ మాటల మధ్య తేడా తెలియక నేను పడిన ఇబ్బందులు గుర్తుకు వచ్చి, కొత్తగా వచ్చే మనవాళ్ళకు కూడా పనికి వస్తుందని ఆ జవాబును ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాను.

వాడు చెప్పిన మొదటి కాగితం డబ్ల్యూ-8బెన్, పన్నుల కోసం బ్యాంకుకు ఇచ్చే ధ్రువపత్రం. దాని శీర్షికలోనే ఫారిన్ స్టేటస్ అన్న మాట ఉంటుంది. రెండవది 1040-ఎన్ఆర్ అనే ఆదాయపు పన్ను రిటర్ను; దాని శీర్షికలో నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని ఉంటుంది. మనిషి ఒక్కడే, ఆ రెండు ఫారాలూ తయారుచేసిన పన్నుల శాఖ కూడా ఒక్కటే, మాటలు మాత్రం రెండు.

ఫారిన్ అనే మాట లాటిన్‌లో తలుపును సూచించే మాట నుంచి పుట్టింది. తలుపు అవతల ఉన్నదంతా ఫారిన్. అందువల్ల ఆ మాట వినగానే ముందుగా అడగవలసిన ప్రశ్న "ఏ తలుపు?" అన్నదే. మనవాళ్ళు ఫారిన్ అంటే సముద్రం దాటినదే అనుకుంటారు, కాని ఇక్కడ ఒక రాష్ట్రంలో నమోదైన కంపెనీ పక్క రాష్ట్రంలో వ్యాపారం పెడితే ఆ పక్క రాష్ట్రపు చట్టం దానిని ఫారిన్ కార్పొరేషన్ అంటుంది. బీమా వ్యాపారంలో ఈ తేడా మరీ స్పష్టం: వేరే రాష్ట్రపు బీమా కంపెనీ ఫారిన్, వేరే దేశపు కంపెనీ ఏలియన్. ఈ లెక్కన బరంపురంవాడికి ఇచ్ఛాపురం కూడా ఫారినే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం అటు వెళ్ళింది, ఇచ్ఛాపురం ఇటే ఉండిపోయింది. మా తాతగారు ఇల్లు కదలలేదు, అరుగు దిగలేదు. గీత వచ్చి ఆయన అత్తవారి ఊరికీ ఆయనకూ మధ్య పడింది. ఫారిన్ అన్నది మనిషి గుణం కాదని, ఎవరో గీసిన గీతకు మనిషి ఏ పక్కన ఉన్నాడో చెప్పే మాట అని మా ఊరివాళ్ళకు వేరుగా చెప్పనక్కరలేదు. కంట్లో పడిన నలుసును డాక్టరు ఫారిన్ బాడీ అనడం కూడా ఇదే దృష్టితోనే. ఆ నలుసు మన పెరట్లోదే కావచ్చు, కన్ను దాని చోటు కాదు, అంతే.

ఏలియన్ సంగతి వేరు. దాని లాటిన్ మూలానికి అర్థం "మరొకరికి చెందినది". తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట పరాయి. పరాయి సొమ్ము అన్నప్పుడు ఆ సొమ్ము ఎంత దూరాన ఉందన్నది కాదు, ఎవరిది అన్నదే ముఖ్యం. పర్లాకిమిడి, కోరాపుట్ కొండల్లో గిరిజనుల భూములు అన్యాక్రాంతం అయ్యాయని మనం పత్రికల్లో చదువుతూ ఉంటాం; ఆ అన్యాక్రాంతాన్ని ఇంగ్లీషులో ఏలియనేషన్ అంటారు. ఒకరిది మరొకరిది కావడమే అందులోని అసలు భావం. కనుక చట్టం ఒక మనిషిని ఏలియన్ అన్నదంటే అతడు మరొక రాజ్యానికి చెందినవాడని మాత్రమే దాని ఉద్దేశం. ఈ దేశపు 1790 నాటి పౌరసత్వ చట్టంలోనే ఆ మాట ఉంది. 1952 చట్టం ఈ దేశపు పౌరుడు గాని, జాతీయుడు గాని కానివాడు ఏలియన్ అని నిర్వచించింది. గ్రహాంతరవాసి అనే అర్థం తరువాతి కథలలో వచ్చి చేరినది. అయినా ఆ మాటలో నిరాదరణ ఉన్నదన్న సంగతి కాదనలేను. అదే 1790 చట్టం ఆ ఏలియన్ తెల్లవాడై ఉండాలని కూడా అన్నది. ఆ షరతును పట్టుకునే 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు భారతీయుడైన భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం చెల్లదన్నది, 1946 దాకా మన దేశస్థులకు ఆ దారి తెరుచుకోలేదు. ఏలియన్ అన్నది కాగితంలో చదివి ఊరుకోవలసిన మాటే తప్ప నోటితో మనిషిని పిలవవలసిన మాట కాదు. యూనివర్సిటీలు ఇంటర్నేషనల్ అనడం ఈ నిరాదరణను తప్పించడానికే అని నా అభిప్రాయం.

కాగితాలకంటె భోజనాల బల్ల దగ్గర జరిగే పొరపాట్లే మనసుకు ఎక్కువ తగులుతాయి. నేను వచ్చిన మొదటి నవంబరులో తోటి ఉద్యోగి ఒకరు థాంక్స్‌గివింగ్ భోజనానికి ఇంటికి పిలిచారు. వాళ్ళ అమ్మగారు టర్కీ మాంసం పక్కన తీయని, పుల్లని ఎర్రటి క్రాన్‌బెర్రీ సాస్ వడ్డించి ఎలా ఉందని అడిగారు. మన ఇంట్లో ఐతే "కొత్తగా ఉందండీ" అంటాం. అది మెచ్చుకోలుకు దగ్గరి మాట. నేను కొత్తకు స్ట్రేంజ్ అన్న మాట వేసి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, చిరునవ్వుతోనే ఆ గిన్నెను నా ముందు నుంచి తీసి బల్ల అవతలి చివర పెట్టారు. అది నాకు నచ్చిన పదార్థం, మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అంటాం కదా, మన వింతలో ఆశ్చర్యంతో పాటు ఇష్టం కూడా ఉంటుంది. ఇంగ్లీషు స్ట్రేంజ్‌లో ఎక్కడో ఏదో తేడాగా ఉందన్న అనుమానం ఉంటుంది. ఆ రోజు నేను అనవలసింది "న్యూ టు మీ" అన్న మూడు ముక్కలు. అలాగే స్ట్రేంజర్ అంటే పరిచయం లేనివాడు, ఫారినర్ అంటే పరదేశస్థుడు. ఈ దేశంలో పుట్టినవాడు కూడా మీకు స్ట్రేంజర్ కావచ్చు. ఐదేళ్ళుగా మీ పక్క ఇంట్లో ఉంటున్న ఫారినర్ స్ట్రేంజర్ కాకపోవచ్చు.

ఎగ్జాటిక్ అన్న మాటను మనవాళ్ళు పొగడ్తగా తీసుకుంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతలోని ఆ ఊరింపే ఎగ్జాటిక్. ఒక వేసవిలో ఆఫీసుకు నేను చద్దన్నం పట్టుకుని వెళ్ళాను. పెరుగు, ఉల్లిపాయ, నంజుకోవడానికి మా ఒడియా పొరుగువారు నేర్పిన బొడి చూర, అంటే నలిపిన వడియాలు. మా ఊళ్ళో వాళ్ళ ఇళ్ళలో చద్దన్నం పేరు పొఖాళొ, మన ఇళ్ళలో చద్ది, పేరే తేడా. పక్క బల్ల ఆవిడ చూసి ఎగ్జాటిక్ అన్నది. పూట గడవక తినే తిండిని మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టినట్లు అనిపించింది. పూలకు, పండ్లకు, కుందేళ్ళ వంటి పెంపుడు ప్రాణులకు ఆ మాట చెల్లుతుంది. మనుషులను, ముఖ్యంగా స్త్రీల రూపాన్ని ఆ మాటతో మెచ్చుకోవద్దు. అవుట్‌లాండిష్ కూడా ఒకప్పుడు పరదేశపుది అని అర్థమిచ్చిన మాటే, ఇప్పుడు విడ్డూరమైనది అని మాత్రమే అర్థం. దుస్తుల గురించి ఎవరైనా అలా అంటే ధన్యవాదాలు చెప్పకండి.

ఎక్స్‌టర్నల్‌లో మంచి చెడ్డలు లేవు, బయటిది అంతే. ఎక్స్‌ట్రేనియస్ మాత్రం అక్కరలేనిది. మీ రెజ్యూమె చూసి ప్రొఫెసరు ఈ మాట రాస్తే ఆ వాక్యాలు కొట్టివేయమని అర్థం.

ఇంతా విని మావాడు అడిగిన చివరి సందేహం బరంపురంలో వాళ్ళ నాన్నతో ఉమ్మడిగా ఉన్న బ్యాంకు ఖాతా గురించి. ఎఫ్-1 విద్యార్థికి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్నుల లెక్కలో నాన్‌రెసిడెంట్ హోదాయే ఉంటుంది. ఆగస్టులో దిగినా ఆ ఏడాది ఒకటిగానే లెక్క. ఆరో ఏడు ఇక్కడే 183 రోజులు గడిపితే రెసిడెంట్ ఏలియన్ అవుతాడు. అప్పటి నుంచి దేశం బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి, అందులో ఉమ్మడి ఖాతా పూర్తి నిల్వనూ చూపాలి. "అంటే అప్పుడు నేను ఏలియన్‌గానే ఉంటాను, మా నాన్న ఖాతా మాత్రం ఫారిన్ అవుతుందా చిన్నాన్నా?" అన్నాడు. అవునన్నాను. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా లెక్కలోకి వస్తాయని, పాస్‌బుక్కు ఫొటోలు ఇప్పటి నుంచే ఏడాదివారీగా దాచుకోమని చెప్పాను.