గడ్డకట్టిన వాల్వు, వేడెక్కిన ట్యాంకు: సొంత రాకెట్లపై మీ ప్రశ్నలు

ప్రభుత్వ సంస్థల ప్రమేయం లేకుండా మనిషిని అంతరిక్షం అంచు దాకా పంపే రాకెట్ల గురించి విశాఖ పాఠకులు అడిగిన వాటిలో కొన్ని.

ప్ర: ఉపగ్రహం పంపాలంటే ఇస్రో అంత సంస్థ కావాలి కదా. డెన్మార్క్‌లో ఔత్సాహికులు ఏకంగా మనిషినే పంపుతామంటున్నారు. ఎలా సాధ్యం? – డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జ: పైకి వెళ్లి రావడం వేరమ్మా, భూమి చుట్టూ తిరగడం వేరు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7.8 కి.మీ. వేగం ఉండాలి. 100 కి.మీ. ఎత్తు తాకి కింద పడటానికి, గాలి నిరోధం లెక్కలోకి తీసుకోకపోతే, 1.4 కి.మీ. చాలు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒక్కో కిలోకి పట్టే శక్తి సుమారు ముప్ఫయ్యో వంతే. అమెరికాలో స్పేస్‌షిప్‌వన్ 2004 జూన్ 21న పైలట్ మైక్ మెల్విల్‌ను 100 కి.మీ. దాటించింది. అది పెట్టుబడి ఉన్న కంపెనీ పని. మీరడిగిన కోపెన్‌హాగన్ సబ్ఆర్బిటల్స్ 2008లో మొదలైంది. అక్కడ జీతాల్లేవు. విరాళాలతో, ఖాళీ సమయాల్లో పనిచేస్తారు. మనిషి కోసం స్పైకా అనే రాకెట్ కడుతున్నారు.

ప్ర: వాళ్ల మొదటి రాకెట్ వాల్వు గడ్డకట్టి ఆగిపోయిందని చదివాను. అంత చిన్న భాగం దగ్గర అంత పెద్ద తప్పు ఎలా జరుగుతుంది? మన విశాఖ ఉక్కపోతలో అయితే? – ఫిట్టర్, గాజువాక

జ: 2010 సెప్టెంబరు 5న బాల్టిక్ సముద్రంలో జరిగిన సంగతి అది. ఇంధనాన్ని మండించే ద్రవ ఆక్సిజన్ వాల్వును వెచ్చగా ఉంచేందుకు మామూలు హెయిర్ డ్రైయర్ పెట్టారు. దానికి కరెంటు అయిపోయింది, వాల్వు బిగుసుకుంది, రాకెట్ కదల్లేదు. మరుసటి ఏడాది జూన్ 3న అదే రాకెట్ బొమ్మ మనిషితో 2.8 కి.మీ. లేచింది.

ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి మన ఊళ్లో నిమిషంలో చెమట పడుతుంది కదా, ఈ పైపు మీద ఆ చెమటే మంచుపొర అవుతుంది. పైన కనిపించే ఆ తెలుపు వల్ల ముఖ్యంగా బరువు పెరుగుతుంది. లోపల చిక్కుకున్న తేమతోనే అసలు చిక్కు. రంధ్రమున్న గుండు తిరిగి దారి తెరిచే బాల్ వాల్వులో, ఆ గుండుకీ అది ఆనుకునే సీటుకీ మధ్య తేమ గట్టిపడితే మోటారు తిప్పలేదు. పైగా టెఫ్లాన్ సీటు స్టీలు కంటే చాలా ఎక్కువ ముడుచుకుంటుంది. దాంతో ఒకచోట లీకు, మరోచోట పట్టేయడం.

అందుకని ఆక్సిజన్ నింపే ముందు లైనంతా పొడి నైట్రోజన్‌తో ఊదాలి. బయటికొచ్చే గాలి డ్యూ పాయింట్, అంటే అందులోని తేమ పేరుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత, మైనస్ 40 డిగ్రీలకి దిగేదాకా ఆపొద్దు. వాల్వు కాడ పొడుగ్గా ఉండే రకం తీసుకోవాలి, అప్పుడు కాడ చుట్టూ లీకు ఆపే ప్యాకింగ్ చలికి దూరంగా ఉంటుంది. మూసిన గుండు లోపల చిక్కిన ద్రవం వేడెక్కి వాయువైతే 850 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. దానికి దారి లేకపోతే వాల్వు పగులుతుంది. గుండుకి ట్యాంకు వైపు చిన్న రంధ్రం ఉన్న వాల్వే కావాలి. రెండు వాల్వుల మధ్య మిగిలిపోయే ప్రతి పైపు ముక్కకీ, పీడనం పెరిగితే తానే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. తర్వాత ద్రవ నైట్రోజన్ నింపి, చలిలోనే పదిసార్లు తెరిచి మూసి చూడండి. గది వేడిలో తేలిగ్గా తిరిగిందని నమ్మితే మోసపోతారు.

ఫిట్టర్‌గా మీకు ఇంకో మాట. మన వర్క్‌షాపు గ్రీజు, కటింగ్ ఆయిలు, వేలిముద్ర జిడ్డు కూడా ఆక్సిజన్‌లో ఇంధనమే. చిన్న తాకిడికే అంటుకుంటాయి. మామూలు రబ్బరు సీళ్లు వద్దు. మైల్డ్ స్టీలు ఆ చలికి గాజులా పెళుసవుతుంది, 304 లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు.

ప్ర: అయితే నైట్రస్ ఆక్సైడ్ హైబ్రిడ్ సులువు కాదా? చలి బాధ ఉండదు. – ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

జ: హైబ్రిడ్ అంటే ఘన ఇంధనాన్ని ద్రవ నైట్రస్‌తో మండించే రాకెట్. చలి బాధ లేదు, ఎండ బాధ ఉంది. నైట్రస్ 25 డిగ్రీల దగ్గర సుమారు 56 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం) పీడనం చూపిస్తుంది. 36.4 డిగ్రీలు దాటితే ద్రవం, వాయువు అనే తేడాయే పోతుంది, పీడనం 72 బార్ దాటుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన ట్యాంకు ఆ గీత సులువుగా దాటేస్తుంది. అప్పుడు మీరు లెక్కేసుకున్న ప్రవాహం ఏదీ నిలవదు. అదీగాక నైట్రస్ తనంతట తానే విడిపోయి పేలగలదు. 2007 జులైలో అమెరికాలోని మొహావేలో ఇంజను వెలిగించకుండా, నైట్రస్ ప్రవాహాన్ని మాత్రమే పరీక్షిస్తుండగా పేలి ముగ్గురు చనిపోయారు. నైట్రస్ లైన్ దగ్గర మనిషి నిలబడకూడదు. నింపడం, ఖాళీ చేయడం దూరం నుంచే జరగాలి.

ప్ర: వాళ్లలాగే మనమూ భీమిలి నుంచి పడవ మీద వెళ్లి సముద్రంలోంచి ప్రయోగించవచ్చా? – బోటు యజమాని, భీమునిపట్నం

జ: వద్దు. మన దేశంలో ప్రైవేటు ప్రయోగానికి, ప్రైవేటు అంతరిక్ష పనులను చూసే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ అనుమతి తప్పనిసరి. ఇక్కడ నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, పక్కనే పోర్టు, ఓడల దారులు. హైదరాబాద్ ప్రైవేటు కంపెనీ స్కైరూట్ కూడా తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచే పంపింది, 89.5 కి.మీ. ఎత్తుకు.

అనుమతి సంగతి అటుంచితే అలల లెక్క చూడండి. వేదిక ఊగి రాకెట్ నిలువు నుంచి 5 డిగ్రీలు ఒరిగి లేచిందనుకోండి. 100 కి.మీ. ఎత్తుకెళ్లే రాకెట్ సుమారు 35 కి.మీ. దూరంలో పడుతుంది. అది ఒడ్డు వైపు ఒరిగితే? కోపెన్‌హాగన్ వాళ్లు అందుకే ఇంజను మంటలో చిన్న రెక్కలు పెట్టి దిశ సరిచేసే పద్ధతిని 2013లో సాఫైర్ రాకెట్ మీద పరీక్షించారు.

ప్ర: లోపలున్న మనిషికి అన్నిటికన్నా ప్రమాదం ఎక్కడ? – గృహిణి, సీతమ్మధార

జ: దిగేటప్పుడు. 2011 నాటి ఆ రాకెట్ ప్యారాచూట్లు చిరిగి ఊడిపోయాయి. 2018 ఆగస్టు 4న కోపెన్‌హాగన్ వాళ్లదే నెక్సో-2 రాకెట్ మాత్రం 6.5 కి.మీ. లేచి ప్యారాచూట్‌తో క్షేమంగా నీటిలో దిగింది. పెద్ద గుడ్డ ఒక్కసారిగా విచ్చుకుంటే తాళ్లు తెగుతాయి. ముందు చిన్న గుడ్డ వేగం తగ్గించాలి, పెద్దది ఆ తర్వాతే. అమెరికాలో ఆవిరి రాకెట్ ఎక్కిన మైక్ హ్యూస్ 2020 ఫిబ్రవరి 22న చనిపోయారు. ప్యారాచూట్ లేచేటప్పుడే ఊడిపోయింది.

ప్ర: మా అబ్బాయికి 14 ఏళ్లు. దేంతో మొదలుపెట్టమంటారు? – ఒక తండ్రి, పెందుర్తి

జ: నీటి రాకెట్‌తో. కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి, మంచినీళ్ల సీసా పలుచన, పనికిరాదు. మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో 4 బార్ మించకుండా గాలి కొట్టాలి. పంపు గొట్టం, విడుదల తాడు పది మీటర్ల పొడుగు, కళ్లద్దాలు, ఖాళీ మైదానం. ఒకసారి అరకప్పు నీళ్లు, ఇంకోసారి సగం సీసా పోసి ఎత్తు పోల్చి రాసుకోమనండి. సీసా మీద తెల్లటి గీతలు కనిపిస్తే ఆ రోజే పారేయాలి.