ఊళ్ళో ప్లాస్టిక్ ప్రాజెక్టుకి టైల్స్ మెషీన్ కొనాలా?

మీరు బీటెక్ మెకానికల్, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు భీమవరం దగ్గర ఊళ్ళో, చందాలేసుకుని ప్లాస్టిక్ కరిగించి టైల్స్ చేసే మెషీన్ కొందామా అని అడిగారు. నా మాటగా, కొనకండి. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే అన్నారు కాబట్టి ఖాళీ మేత గోతాలతో మొదలుపెట్టండి. చదువుకునే రోజుల్లో మా టీమ్ నరసాపురం వైపు డ్వాక్రా మహిళలతో కలిసి చేసింది ఆ పనే.

కరిగించడం పెద్ద విద్యేమీ కాదు. ఒకే రకం ప్లాస్టిక్, శుభ్రమైనది, అస్తమానూ దొరకడమే కష్టం. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక అడుగు చూడండి: నీళ్ళ సీసాలు, కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, పైపు ముక్కలు, అన్నీ బురదలో కలిసిపోయి ఉంటాయి. పాలిథిన్ 110 నుంచి 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌కి 250 దాటాలి. పీవీసీ పైపు ముక్క కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. ఆ కలగాపులగాన్ని ఊరి మధ్య షెడ్డులో కరిగించమని ఆడవాళ్ళకి అప్పజెప్పడం నాకు అస్సలు ఇష్టం లేదు.

మేత గోతం అయితే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాల నేత, ఖాళీ అయ్యాక కూడా గట్టిగానే ఉంటుంది. పైగా దాంతో ఏం చేయాలో ఊరికి ముందే తెలుసు. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు వాన పడితే కళ్లంలో ధాన్యం మీద కప్పడానికి గోతాలు విప్పి బరకాలు కుట్టుకునేవాళ్ళు ఉన్నారు. మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు, వాళ్ళ పని తేలిక చేస్తే చాలు.

మేం వెళ్ళిన రోజే ఒక పెద్దావిడ కత్తెరతో గోతం కోసి, అంచుని వేలితో రాసి చూపించింది. దారాలు పోగులు పోగులుగా ఊడి వచ్చేశాయి. "చూశారా బాబూ, కుట్టేలోపే సగం విడిపోద్ది. దీనికేమన్నా చెయ్యండి" అంది. మా ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క మాటే. చెక్క పలక మీద, కరెంటు పారితే వేడెక్కే నిక్రోమ్ తీగ బిగించి, ట్రాన్స్‌ఫార్మర్‌తో తక్కువ వోల్టేజీలో వేడి చేశాం. గోతం దాని మీదుగా లాగితే తెగుతుంది, అంచు అక్కడికక్కడే అతుక్కుంటుంది. పాలీప్రొపిలీన్ 160 దాటాక కరుగుతుంది కాబట్టి, పొగ రాకుండా తెగేంత వేడే ఉండేలా రెగ్యులేటర్ పెట్టండి, పని మాత్రం వరండాలోనే చేయించండి. వాళ్ళు పీట వేసుకుని కింద కూర్చుని పనిచేస్తారు, కాబట్టి పలక ఆ ఎత్తులోనే ఉండాలి. టేబుల్ మీద పెడితే ఎవరూ ముట్టుకోరు.

కుట్టు దగ్గర కూడా బుర్ర పెట్టండి. ఒంటి కుట్టు వేస్తే సూది రంధ్రాల్లోంచి నీళ్ళు కారతాయి. రెండంచులూ ఒకదాన్లో ఒకటి మడిచి, ఆ మడత వాలు వైపు పడేలా కుట్టిస్తే చాలా తేడా ఉంటుంది.

ఇంకో సంగతి, ఖాళీ గోతాలు చాలాచోట్ల చెరువు కాపలావాళ్ళ పైడబ్బులు. పాత సామాన్లవాళ్ళకి అమ్ముకుంటారు. ఊరికే ఇమ్మని అడిగి వాళ్ళ నోటికాడ కూడు లాగకండి, అదే రేటు ఇచ్చి కొనండి. చెరువు మందులు, బ్లీచింగ్ వచ్చిన సంచులు ధాన్యానికి వాడొద్దు. బరకాన్ని ఏడాదంతా ఎండలో వదిలేస్తే దారాలు పెళుసెక్కి పొడిపొడిగా రాలి చివరికి కాలువలోకే పోతాయి. సీజన్ అవగానే మడిచి నీడన పెట్టమని చెప్పండి.

పల్చటి కవర్ల జోలికి మీరు వెళ్ళకండి, పంచాయతీ చెత్త నుంచి సంపద కేంద్రానికి ఇచ్చేయండి. వాటిని తురిమి, వేడి కంకర మీద చల్లి, ఆపైన తారు కలిపి రోడ్డు వేయొచ్చని మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ చేసి చూపించారు, 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ దానికి తారు ప్లాంటు కావాలి.

నిక్రోమ్ తీగ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. నాలుగు తీగలు అదనంగా ఇచ్చి, కనీసం ఇద్దరు ఆడవాళ్ళు మీ ఎదుటే స్విచ్ తీసి, తీగ మార్చి చూపించాకే రిపోర్టు రాయడం మొదలుపెట్టండి.