కొట్టకుండా, తిట్టకుండా పిల్లలకు మంచి నడవడి నేర్పడం ఎలా?

దెబ్బ పడితే పిల్లలు అప్పటికి ఊరుకుంటారు గానీ, దానికి బదులు ఏం చేయాలో వాళ్లకు తెలియదు. అందుకే 'గోడ మీద గీయకు' అని వదిలేయకుండా, 'ఇదిగో కాగితం, దీని మీద గీయి' అనండి. మర్నాడు తనే కాగితం తీసుకుంటే, ఉత్త 'గుడ్ బాయ్' కంటే 'అడగకుండానే కాగితం తెచ్చుకున్నావే!' అన్న మాట బాగా పనిచేస్తుంది. ఏ పని మీకు నచ్చిందో వాడికి అర్థమవుతుంది. మళ్లీ గోడ మీదే గీస్తే? వాడితోనే తుడిపించండి, మీరూ ఓ చెయ్యి వేయండి. అప్పుడు క్లాసు పీకక్కర్లేదు.

అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం 'అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్' కూడా 2018లో పిల్లల్ని కొట్టొద్దు, మాటలతో అవమానించొద్దు అనే చెప్పింది.

అలాగని ఇది గారాబం కాదు. ఇవాళ వద్దన్న ఫోన్‌ని రేపు ఏడ్చాడని చేతికిస్తే, ఏడిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టు.