నాన్న పెన్షన్ ఎమర్జెన్సీ ఫండ్ కాదండీ

హనుమకొండ పాఠకుడు ఒకరు రాసిన ఉత్తరం సారాంశం ముందు చెప్పేస్తాను. వయసు 28. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు 85 వేలు. అమెరికాలో ఒక యూనివర్సిటీలో రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి (ప్రభుత్వ విధానాల మీద పీజీ కోర్సు) సీటొచ్చింది. స్కాలర్‌షిప్ పోను మొత్తం ఖర్చు 75 లక్షలని డాలర్‌కు 85 రూపాయల చొప్పున లెక్క వేసుకున్నారు. నాన్నగారు రిటైర్డ్ టీచర్, పెన్షన్ 38 వేలు. అమ్మగారికి షుగర్, బీపీ. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది. డబ్బు ఎలా తెస్తారయ్యా అంటే, ఇల్లు తాకట్టు పెట్టి ప్రభుత్వ బ్యాంకులో 45 లక్షల ఎడ్యుకేషన్ లోన్, ఉద్యోగం మానేసేలోపు 10 లక్షల పర్సనల్ లోన్, బంధువుల దగ్గర నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు, మిగతా 12 లక్షలు తను దాచుకున్న ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు. ఈ సీటు తీసుకోవాలా లేక ఇండియాలోనే చదవాలా, ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ, ఫండ్లు ఇప్పుడే అమ్మేయాలా అని అడిగారు. చివర్లో ఒక మాట: "ఎమర్జెన్సీ ఫండ్ విడిగా ఏమీ పెట్టలేదు, ఎలాగూ నాన్న పెన్షన్ ఉంది కదా."

ఆ చివరి మాట కోసమే ఈ జవాబు. విదేశీ చదువు గురించి నాకొచ్చే ఉత్తరాల్లో సగం వాటిలో ఈ మాట ఏదో ఒక రూపంలో ఉంటుంది. నాన్న పెన్షన్ ఉంది, అమ్మ బంగారం ఉంది, ఊళ్లో ఎకరం ఉంది. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ అవి వాళ్లవి, పైగా మీ ప్లాన్‌లో వాటికి అప్పటికే వేరే పని పడింది.

లెక్క చూద్దాం. పర్సనల్ లోన్ 10 లక్షలు, 14 శాతం, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ 23 వేల పైచిలుకు. దీనికి మారటోరియం, అంటే ఈఎంఐ కట్టకుండా ఆగే గడువు, ఉండదు, మీరు విమానం ఎక్కినా ఎక్కకపోయినా వచ్చే నెల నుంచే కట్టాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఎనిమిది లక్షల మీద నెలకు 16 వేలు, అదీ అసలు ఒక్క రూపాయి కూడా తగ్గకుండా. రెండూ కలిపితే నెలకు 39 వేలు దాటింది. నాన్నగారి పెన్షన్ 38 వేలు. అంటే మీరు అక్కడ మొదటి క్లాసులో కూర్చునే రోజుకు ఇక్కడ ఇంటి ఆదాయం మొత్తం మీ అప్పుల ఈఎంఐకి, వడ్డీకే పోయింది, ఇంకా వెయ్యి రూపాయలు తక్కువ. అమ్మగారి మందులు, కరెంటు బిల్లు, ఉగాదికి ఇంటికొచ్చే మీ అక్క పిల్లలకు బట్టలు, ఇవి ఎక్కడి నుంచి? ఈ పెన్షన్‌నే మీరు ఎమర్జెన్సీ ఫండ్ అంటున్నారు.

పార్ట్‌టైమ్ చేసి పంపిస్తానంటారేమో. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలు. దాంతో మీ కిరాణా, బస్సు ఖర్చులు వెళ్తే గొప్ప. బయట దొంగచాటుగా చేస్తే వీసాకే ఎసరు. అన్నట్టు ఆ 85 రూపాయల లెక్క కూడా మార్చుకోండి. 2015లో 63, 64 దగ్గరున్న డాలర్ 2025 డిసెంబరులో 90 దాటింది. 90 వేసి చూస్తే మీ 75 లక్షలు 79 లక్షలు దాటుతుంది, రెండో ఏడాది ఫీజు కట్టేనాటికి ఎంతుంటుందో నేను చెప్పలేను, మీకు ఆ లోన్ ఇప్పిస్తానన్న కన్సల్టెన్సీ వాళ్లూ చెప్పలేరు.

ఇక 45 లక్షల లోన్. బ్యాంకు విడతలుగా ఇస్తుంది, కోర్సు తర్వాత ఇంకో ఏడాది దాకా ఈఎంఐ ఉండదు, కాబట్టి చాలామందికి ఇది తేలికగా కనిపిస్తుంది. ఈఎంఐ లేదంతే, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 10 శాతం చొప్పున మారటోరియం అయ్యేసరికి సుమారు పది లక్షల వడ్డీ పేరుకుంటుంది, అసలు 55 లక్షలవుతుంది, పదేళ్లలో తీర్చాలంటే నెలకు 72 వేలకు పైనే ఈఎంఐ. మీ ఇప్పటి జీతం 85 వేలు. డాలర్లలో జీతం వస్తే ఇది కష్టం కాదు, నిజమే. రాకపోతే? తాకట్టులో ఉన్నది మీ అమ్మానాన్నలు పడుకునే ఇల్లు.

రాకపోయే అవకాశం ఈ చదువులో కంప్యూటర్ సైన్స్ కంటే ఎక్కువ. అమెరికాలో పబ్లిక్ పాలసీ చదివినవాళ్లను తీసుకునేవాళ్లలో ప్రభుత్వాలది పెద్ద వాటా. ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు అన్నీ అక్కడి పౌరులకే. అంతర్జాతీయ అభివృద్ధి రంగంలో ఎంతోమందికి దారి చూపించిన అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులైతో మూతపడింది, దాని నిధులతో నడిచిన సంస్థల్లోంచి రోడ్డున పడ్డ అనుభవజ్ఞులు ఇప్పుడు మీతోపాటే అప్లికేషన్లు పెడుతున్నారు. చదువయ్యాక అదే వీసా మీద అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ మామూలుగా 12 నెలలే. ప్రోగ్రామ్‌కు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) గుర్తింపు ఉంటే ఇంకో 24 నెలలు వస్తుంది. పాలసీ కోర్సుల్లో కొన్నింటికి ఉంది, కొన్నింటికి లేదు, బ్రోషర్‌లో "డేటా" అన్న మాట కనబడగానే ఉందనుకోకండి. యూనివర్సిటీకి మెయిల్ పెట్టి మీ ప్రోగ్రామ్ ఏ విభాగం కిందికొస్తుందో చెప్పే సీఐపీ కోడ్ ఏమిటో అడగండి. ఇంకోటి కూడా అడగండి: గత రెండు బ్యాచ్‌లలో ఇండియా నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? మొత్తం బ్యాచ్ సగటు జీతం మీకు అనవసరం, అందులో అక్కడి పౌరులే ఎక్కువ. కెరీర్ ఆఫీసు ఈ ప్రశ్నకు డొంకతిరుగుడు సమాధానం ఇస్తే అదే మీకు సమాధానం.

అందుకని లోన్ సైజు తేల్చేటప్పుడు నేను పెట్టే లెక్క ఒకటే. తిరిగొచ్చి ఇక్కడ పాలసీ ఉద్యోగం చేస్తే వచ్చే జీతంలో మూడో వంతుకు మించి ఈఎంఐ ఉండకూడదు. ఢిల్లీ, హైదరాబాద్ థింక్ ట్యాంకుల్లో (విధాన పరిశోధన సంస్థల్లో), ప్రభుత్వాలకు పనిచేసే కన్సల్టింగ్ టీముల్లో మొదటి ఉద్యోగం మీ ఐటీ జీతాన్ని ఎగరగొట్టేంత ఉండదు, చాలాసార్లు తక్కువే. 75 వేలు అనుకోండి, ఈఎంఐ 25 వేలు, అంటే మీరు తీసుకోగలిగిన ఎడ్యుకేషన్ లోన్ 15 లక్షల చుట్టుపక్కల. మీరు అడుగుతున్నది దానికి మూడు రెట్లు, పైన పర్సనల్ లోన్, ఆపైన రెండు రూపాయల వడ్డీ. ఏ బ్యాంకులో అర శాతం తక్కువ అన్న ప్రశ్న ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. చదువుకు పర్సనల్ లోన్, చేతి నోటు మీద అప్పు, గడువు తీరకముందే నష్టానికి పాడుకున్న చీటీ, ఈ మూడూ ఎవరు తెచ్చినా నేను ఒప్పుకోను, ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా సరే.

ఇప్పుడు మీరు అడగనే అడగని విషయం, ఇన్సూరెన్స్. ఉద్యోగం మానేసిన రోజుతో కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీ పోతుంది. మీ కంపెనీ పాలసీలో అమ్మానాన్నల పేర్లు కూడా ఉన్నాయని మీరే రాశారు, అంటే ఆ ఐదు లక్షల కవర్ కూడా మీ రాజీనామాతోనే పోతుంది. నాన్నగారికి పెన్షనర్‌గా ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉంటుంది, మంచిదే, అయితే మీ హనుమకొండలో ఏ ఆసుపత్రి దాన్ని తీసుకుంటోంది, దేనికి క్యాష్‌లెస్ ఇస్తోంది అన్నది మీరే వెళ్లి కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి, కార్డు బీరువాలో ఉన్నంత మాత్రాన ధైర్యం వద్దు. అమ్మగారికి కొత్తగా పాలసీ తీసుకుంటే షుగర్, బీపీ లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, పెట్టొచ్చు. మీరు రెండేళ్లు ఇక్కడ ఉండరు. అర్థమైందా? మీరు లేని ఆ రెండేళ్లూ ఆ జబ్బులకు కొత్త పాలసీలో ఆమెకు కవర్ లేని రెండేళ్లు కావచ్చు. అందుకే రాజీనామా లెటర్ పెట్టకముందే హెచ్‌ఆర్‌ను అడిగి, ఇప్పుడున్న గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ ఇండివిడ్యువల్ పాలసీకి మారే దారి ఉందేమో చూడండి. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో కలుపుకునే వీలుంటుంది. షుగర్ సంగతి దాచిపెట్టి ప్రపోజల్ నింపకండి, ఏజెంట్ ఏం కాదన్నా సరే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీలకు జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం ఎక్కువన్న సాకు కొంచెం బలహీనపడింది కూడా.

రెండోది టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషి పోతేనే డబ్బిచ్చే జీవిత బీమా. ఈ లోన్‌లో నాన్నగారు సహ రుణగ్రహీత, ఇల్లు ఆయనది. రాయడానికి బాగుండదు కానీ రాయక తప్పదు, మీకేమైనా అయితే ఆ 55 లక్షలు ఆయన నెత్తిన పడతాయి. కోటి రూపాయల టర్మ్ మీ వయసుకు, సిగరెట్ అలవాటు లేకపోతే, నెలకు వెయ్యి రూపాయల దగ్గర్లో వస్తుంది. అయితే అది జీతం స్లిప్పులు ఉన్నప్పుడే. ఉద్యోగం మానేసి స్టూడెంట్ అయ్యాక ఆదాయం ఏదని అడుగుతారు, అంత కవర్ ఇవ్వరు. పైచదువుకు విదేశం వెళ్తున్న సంగతి ప్రపోజల్‌లోనే రాయండి. బ్యాంకులో లోన్‌తోపాటు సింగిల్ ప్రీమియం పాలసీ ఒకటి పెడతారు, ప్రీమియం కూడా లోన్‌లోనే కలిపేసి దానికీ వడ్డీ వేస్తారు. విడిగా టర్మ్ ఉందని చూపించి, అది వద్దని చెప్పండి.

మూడోది, ఈ జవాబుకు కారణమైన ఎమర్జెన్సీ ఫండ్. చదువు అమెరికాలో అయినా బెంగళూరులో అయినా, ముందు 5 లక్షలు పక్కన పెట్టండి. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు అనుకుంటే ఆరు నెలలకు 1.8 లక్షలు, ఆసుపత్రిలో పాలసీ ఇవ్వని వాటికి రెండు లక్షలు, మీరు ఉన్నపళంగా రావాల్సి వస్తే రానూపోనూ టికెట్టుకు ఇంకో లక్షా ఇరవై వేల దాకా. ఫీజు ఎంత తగ్గినా, పెరిగినా ఈ 5 లక్షలను ముట్టుకోకూడదు. దాన్ని మీ ఒక్కరి పేరుమీద ఉంచి యాప్‌లో చూసుకుంటూ కూర్చుంటే లాభం లేదు. అమ్మగారితో జాయింట్‌గా, ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోగలిగే) పద్ధతిలో ఖాతా తెరిచి, ఆమె చేత ఒకసారి బ్యాంకుకు వెళ్లి డబ్బు తీయించండి. నాన్నగారే ఆసుపత్రిలో ఉంటే ఏటీఎం పిన్ ఎవరికి తెలుసు? ఆయన తర్వాత పెన్షన్ ఫ్యామిలీ పెన్షన్ అవుతుంది, సగం జీతం లెక్కన వస్తున్నది మామూలుగా 30 శాతం లెక్కకు పడిపోతుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ మాట్లాడి ఉండరు.

సీటు సంగతి. యూనివర్సిటీకి రాసి ఒక ఏడాది వాయిదా అడగండి, స్కాలర్‌షిప్ కూడా వచ్చే ఏడాదికి ఉంటుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఈలోపు బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చీవ్‌నింగ్‌కు పెట్టండి, రెండేళ్ల ఉద్యోగ అనుభవం చాలు, బ్రిటన్‌లో ఏడాది చదువు ఖర్చంతా వాళ్లదే, తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, మీరు ఎలాగూ తెలంగాణ ప్రభుత్వంతో పనిచేయాలని రాశారు కదా. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ కూడా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ కింద చూడండి, మూడేళ్ల అనుభవం అడుగుతారు. జర్మనీలో ఎర్ఫర్ట్ యూనివర్సిటీ విల్లీ బ్రాంట్ స్కూల్‌లో ఇంగ్లీషులోనే ఈ కోర్సు ఉంది, ఫీజు కంటే అక్కడ బతకడానికే ఖర్చు ఎక్కువ. ఇండియాలో బెంగళూరు నేషనల్ లా స్కూల్, ఐఐటీ బాంబే, ఐఐటీ ఢిల్లీ, మన హైదరాబాద్‌లోనే గీతమ్ వాళ్ల కౌటిల్య స్కూల్ ఉన్నాయి. ఫీజులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కానీ వీటిలో దేనికీ ఇల్లు తాకట్టు పెట్టే పని రాదు. సచివాలయంలో, జిల్లాల్లో పనిచేయాలనుకునేవాడికి ఇక్కడి ఇంటర్న్‌షిప్, ఇక్కడి పరిచయాలు అక్కడి డిగ్రీ కంటే ముందు ఉపయోగపడతాయని నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు. కుటుంబ ఆదాయం, కులం లేదా మతం అర్హతలు సరిపోతే రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు 20 లక్షల దాకా ఇస్తాయి, మీ నాన్నగారి పెన్షన్‌తో, మీ జీతంతో ఆదాయ పరిమితి దాటుతుందేమో ముందు చూసుకోండి.

చదువు అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 80ఈ) గురించి కూడా అడిగారు. అది ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకే, పాత పన్ను విధానంలోనే, ఎనిమిదేళ్లే. పర్సనల్ లోన్‌కు, రెండు రూపాయల వడ్డీకి రాదు.

మ్యూచువల్ ఫండ్లు అమ్మండి. ఏడాదిలోపు కావాల్సిన డబ్బు ఈక్విటీలో ఉండకూడదు, పైగా ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాల లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, మీరు చెప్పిన 3 లక్షల ఫండ్లలో లాభం అంతకు దాటి ఉండదు. వచ్చిన 3 లక్షలకు ఎఫ్‌డీల్లోంచి 2 లక్షలు కలిపి, అమ్మగారి జాయింట్ ఖాతాలో వేయండి. మిగతా 7 లక్షలే మీ చదువు డబ్బు, ఇక అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి.