206 ఎముకలకు 206 పేర్లు నేర్చుకోవాలా?

ప్రశ్న: మానవ అస్థిపంజరంలోని 206 ఎముకల పేర్లు ఎన్నిసార్లు చదివినా గుర్తుండడం లేదు. పైగా కొన్నిచోట్ల ఎముకలు సుమారు 300 అని రాశారు. ఏది నిజం? వీటిని నేర్చుకునే మార్గం ఏమిటి?

జవాబు: రెండు సంఖ్యలూ సరైనవే. నవజాత శిశువులో విడివిడిగా ఉండే సుమారు 300 ఎముకలు, మృదులాస్థి భాగాలు ఎదిగేకొద్దీ ఒకదానితో ఒకటి కలిసిపోవడం వల్ల పెద్దవారిలో 206 మిగులుతాయి. నడుము దిగువన ఉన్న ఐదు పూసలు కలిసి త్రికాస్థిగా మారడం ఇందుకు మంచి ఉదాహరణ.

ఇక పేర్ల సంగతి. 206 పేర్లు వల్లె వేయవలసిన అవసరమే లేదు, ఎందుకంటే చాలా ఎముకలు కుడి ఎడమల జంటలుగానో, ఒకే పేరున్న వరుసలుగానో ఉంటాయి. కాళ్లూ చేతులతో మొదలుపెట్టండి. ఒక్కో చేతిలో మోచేతికి పైన భుజాస్థి, ముంజేతిలో రత్ని, అరత్ని, మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14, మొత్తం 30 ఎముకలున్నాయి. కాలిలోనూ 30 ఉన్నాయి: తొడ ఎముక, మోకాలి కింద అంతర్జంఘిక, బహిర్జంఘిక, పాదం వెనుక భాగంలో 7, మధ్యలో 5, వేళ్లలో 14. మణికట్టుతో పోలిస్తే ఇక్కడ తగ్గిన ఒక ఎముకను మోకాటి చిప్ప భర్తీ చేస్తుంది. ఈ పోలిక పట్టుబడితే 120 ఎముకలు వచ్చేసినట్లే. భుజాల దగ్గర నాలుగు, తుంటి దగ్గర రెండు కలిపితే 126 అవుతాయి. మిగిలిన 80 నడిమి భాగానివి: పుర్రెలో 22, చెవుల్లో 6, గొంతు పైభాగంలో 1, వెన్నులో 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక 1.

బొమ్మ చూసి చదవడం కన్నా సొంత శరీరాన్ని తడిమి చూడడం మేలని నా అభిప్రాయం. మోచేతి కొన అరత్నిది. అరచేతిని బోర్లిస్తే బొటనవేలి వైపున్న రత్ని దాని మీదుగా అడ్డంగా తిరుగుతుంది. చీలమండకు ఇరువైపులా ఉబ్బుగా కనిపించేవి వేరే ఎముకలని చాలామంది పొరబడతారు గాని, అవి అంతర్జంఘిక, బహిర్జంఘికల కింది కొసలే.

206 అన్నది కూడా అందరికీ ఖచ్చితంగా వర్తించదు; కొందరిలో మెడ దగ్గర అదనపు పక్కటెముక ఉంటుంది, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధాల్లో ఏర్పడే చిన్న ఎముకల సంఖ్య మనిషిని బట్టి మారుతుంది.